అరుదైన జబ్బును పట్టుకోవడం: అడగాల్సినవి, చూడాల్సినవి, మందుకు పెట్టాల్సిన గడువు

జ్వరం పది రోజులు దాటింది, మామూలు పరీక్షల్లో ఏమీ తేలలేదు. లేదంటే మనిషి నెలల తరబడి చిక్కిపోతున్నాడు, స్కానింగులన్నీ బాగానే ఉన్నాయి. ఇలాంటి రోగిని చూడబోయే ముందు, జనరల్ మెడిసిన్ వార్డులో నాతో పనిచేసే కుర్ర డాక్టర్లకు ఒకటే చెప్తాను: ఇంకో పరీక్ష రాసేముందు కుర్చీ లాక్కుని రోగి పక్కన కూర్చోండి. అరుదైన ఇన్ఫెక్షన్లయినా, విటమిన్ లోపాలయినా ఎక్కువగా చేజారిపోయేది మంచం దగ్గరే. అడగవలసింది అడగం, చూడవలసిన చోట చూడం, ఆ తర్వాత ల్యాబును నిందిస్తాం.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. వీటిలో చాలా జబ్బులకు రిపోర్టు వచ్చేదాకా ఆగితే చేతులు కాలతాయి. అనుమానం మీదే మందు మొదలుపెట్టాలి. అయితే అలా మొదలుపెట్టిన ప్రతి మందుకూ ఒక గడువుండాలి. "ఫలానా జబ్బే అయితే ఇన్ని గంటల్లో ఈ మార్పు కనిపించాలి" అని మందు రాసిన రోజే కేసు షీటులో రాసిపెట్టుకోవాలి. ఆ మార్పు రాకపోతే రోగిని మళ్లీ మొదటి నుంచి చూడాలి. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ గడువు చుట్టూనే తిరుగుతుంది.

ఇది వైద్యం చేసేవాళ్ల కోసం రాస్తున్నది. మోతాదులు, ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప, పెద్దవాళ్లవి. రోగులుగానో, ఇంట్లో వాళ్లుగానో చదువుతున్నవాళ్లు ఇందులోని ప్రశ్నలను మీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, మోతాదులను మాత్రం సొంతంగా వాడకండి.

అడగడం

"సరిగ్గా తింటున్నారా?" అని అడిగితే అందరూ తింటున్నామనే అంటారు. ఆ ప్రశ్న అడగడం మానేయండి. "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా నోట్లో ఏమేం పడింది?" అని అడగండి. తర్వాత, "ఆరు నెలల కిందట తినేవాటిలో ఇప్పుడు ఏవి మానేశారు?" అనండి. లోపం చాలాసార్లు మానేసిన వాటిలోనే దొరుకుతుంది. పళ్లూడిపోయి నమలలేక కూరగాయలు వదిలేసిన ముసలాయన, అలర్జీ భయంతో ఒక్కో పదార్థం తీసేస్తూ చివరికి రెండు మూడింటికి వచ్చిన మనిషి, రంగూ మెత్తదనమూ నచ్చితే తప్ప ముట్టని ఆటిజం పిల్లవాడు, మూడు వారాలుగా వాంతులతో ఉన్న గర్భిణి, బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, రోజూ తాగేవాళ్లు. వీళ్ల నోట నేరుగా "లోపం" అన్న మాట ఎప్పుడూ రాదు.

తిండి ఎప్పటి నుంచి తగ్గిందో తేదీ పట్టుకుంటే సగం పని అయినట్టే. ఒంట్లో థయామిన్ (విటమిన్ బి1) నిల్వలు రెండు మూడు వారాల్లోనే అడుగంటుతాయి. విటమిన్ సి లేకుండా ఒకటి నుంచి మూడు నెలలు గడిస్తే స్కర్వీ లక్షణాలు మొదలవుతాయి. కాలేయంలో దాచుకున్న బి12 మాత్రం ఏళ్ల తరబడి సరిపోతుంది. కాబట్టి నెల కిందట వాంతులు మొదలైన మనిషి తూలుతుంటే ముందు థయామిన్ గురించి ఆలోచించాలి. బి12 అంత తొందరగా తరగదు.

మందుల సంచీ కూడా తెప్పించి చూడండి. షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్, ఏళ్ల తరబడి వాడే గ్యాస్ మాత్రలు బి12ను తగ్గిస్తాయి. క్షయకు వాడే ఐసోనియాజిడ్ బి6ను దెబ్బతీస్తుంది. ఒంట్లో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి నియాసిన్ (విటమిన్ బి3) తయారవ్వాలంటే బి6 కావాలి గనుక ఆ దారిలో నియాసిన్ లోపపు జబ్బు పెల్లాగ్రా రావచ్చు. తనంతట తాను జింకు మాత్రలు మింగుతున్నవాళ్లలో రాగి లోపం వచ్చి, అచ్చం బి12 లోపంలాగే వెన్నుపాము దెబ్బతింటుంది. జింకు అడగకపోతే ఇది ఎప్పటికీ దొరకదు.

ఇన్ఫెక్షన్ల విషయంలో గడిచిన మూడు వారాలను రోజువారీగా తవ్వండి. పొదల్లో, గడ్డిలో తిరిగారా? మట్టిలో, బురద నీళ్లలో పనిచేశారా? పశువుల కాన్పులు చేశారా, పచ్చిపాలు తాగారా? పశువుల నుంచి సోకే బ్రూసెల్లోసిస్ అయితే మూడు వారాలు చాలవు, నెలలు వెనక్కి వెళ్లాలి. 1887లో మాల్టాలో డేవిడ్ బ్రూస్ ఈ సూక్ష్మజీవిని కనుక్కున్నా, అది మేకపాల ద్వారా మనుషులకు వస్తోందని తేలడానికి 1905 దాకా పట్టింది. అది కూడా ఆరోగ్యంగా కనిపిస్తున్న మేకల రక్తాన్ని థెమిస్టోక్లిస్ జమిత్ పరీక్షించాడు గనుక. జబ్బుగా కనిపించని పశువు నుంచి కూడా వస్తుందని గుర్తుపెట్టుకుని అడగండి.

చూడడం

రోగి ఒంటిమీద బట్ట ఉన్నంతసేపూ పరీక్ష పూర్తి కాలేదన్నట్టే. మర్యాదగా, తెర లాగి, తోడు మనిషిని పెట్టుకుని, తల నుంచి పాదం దాకా చూడాలి.

స్క్రబ్ టైఫస్ అనే జ్వరం సంగతే తీసుకోండి. చాలా చిన్న నల్లి జాతి పురుగు పిల్ల కుట్టిన చోట ఎస్కార్ అనే మచ్చ ఏర్పడుతుంది. దగ్గరగా చూస్తే అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు వెడల్పున నల్లటి పక్కు, చుట్టూ సన్నటి ఎర్రటి అంచు, సిగరెట్‌తో కాల్చినట్టు ఉంటుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు, అందుకే రోగికి అది ఉన్నట్టే తెలియదు. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, బొడ్డు చుట్టూ, నడుము పట్టీ కింద, చెవి వెనక, మగవాళ్లలో బీజాల సంచి మడతల్లో వెతకాలి. చెమట ఊరే మడతల్లో పక్కు ఎండదు. పైపొర ఊడిపోయి పసుపుపచ్చగా ఉన్న చిన్న పుండులా కనిపిస్తుంది, దాన్ని ఒరుసుకున్న గాయం అనుకుని వదిలేస్తాం. దగ్గర్లో లింఫు గ్రంథి వాచి ఉంటే ఆ గ్రంథి వైపు నుంచి వెనక్కి వెతకండి. ఊపిరందక ఐసీయూకి వచ్చిన ఒకాయనకు ఎస్కార్ లేదని మూడు చోట్ల రాసి పంపారు. మా నర్సమ్మ ఒళ్లు తుడుస్తూ పిరుదుల మధ్య మడతలో దాన్ని చూపించింది. అప్పటి నుంచి మా వార్డులో స్నానం చేయించేవాళ్లకు కూడా అదెలా ఉంటుందో బొమ్మ చూపించి చెప్తున్నాం. ఎస్కార్ దొరకనంత మాత్రాన జబ్బు లేదని మాత్రం అనుకోవద్దు, చాలామందిలో అది ఉండదు.

స్కర్వీకి భూతద్దం తీసుకోండి. పిక్కల మీద, తొడల మీద వెంట్రుక కుదుళ్ల చుట్టూ చుక్కల్లా రక్తం చిమ్మి ఉంటుంది, వెంట్రుకలు మెలితిరిగి బిరడా తీసే స్క్రూలా చుట్టుకుని ఉంటాయి. రక్తనాళాల వాపు వల్ల వచ్చే చుక్కలు కుదుళ్లతో పనిలేకుండా ఎక్కడంటే అక్కడ వస్తాయి, ఇవి మాత్రం కచ్చితంగా కుదురును పట్టుకుని ఉంటాయి. చిగుళ్లు ఊదా రంగులో ఉబ్బి, తాకితే రక్తం వస్తుంది. కానీ పళ్లు లేనివాళ్లలో చిగుళ్లు మామూలుగానే ఉంటాయి. ప్లేట్‌లెట్లు, రక్తం గడ్డకట్టే పరీక్షలు బాగున్నా ఒళ్లంతా కమిలి ఉంటే ఇది గుర్తుకు రావాలి. పిల్లల్లో ఇంకో రూపం ఉంది: నడవనని మొండికేస్తారు, కాలు ముట్టుకోనివ్వరు, కప్పలా కాళ్లు ముడుచుకుని పడుకుంటారు. లుకేమియా అనీ, కీళ్లవాతం అనీ ఎముక మజ్జ పరీక్ష దాకా వెళ్లిన పిల్లల్ని చూశాను. తినే రెండు పదార్థాల పేర్లు తల్లిని అడిగి ఉంటే అంత దూరం వెళ్లే పనే ఉండేది కాదు.

పెల్లాగ్రా మచ్చలు ఎండ తగిలే చోటనే, రెండు వైపులా సమానంగా, గీత గీసినట్టు తెగిన అంచుతో ఉంటాయి. మెడచుట్టూ హారంలా ఉండే మచ్చకు 1735లో దీన్ని మొదట వర్ణించిన స్పెయిన్ వైద్యుడు కసాల్ పేరే పెట్టారు. చర్మం, విరేచనాలు, మతిస్థిమితం మూడూ కలిసి వచ్చేదాకా ఎదురుచూడొద్దు. నిద్రపట్టక, చికాకుపడుతూ, చేతుల మీద "ఎండ దద్దు"తో వచ్చిన తాగుడు రోగిలో అప్పుడే ఆలోచించాలి.

ఇక కళ్లు. కనుగుడ్డు పక్కకు పూర్తిగా తిరగకపోయినా, చూపు నిలిపినప్పుడు అదురుతున్నా, తూలుతున్నా, మాట పొంతన తప్పినా థయామిన్ లోపం వల్ల వచ్చే వెర్నికే జబ్బు కావచ్చు. పుస్తకాల్లో కంటి మార్పు, తూలడం, మతి తప్పడం మూడూ కలిపి చెప్తారు గాని, మూడూ ఒకే మనిషిలో కనిపించేది ఐదింట ఒక వంతు కన్నా తక్కువ. అందుకే తిండి లోపం, కంటి మార్పు, తూలడం, మతిలో మార్పు ఈ నాలుగింటిలో ఏ రెండున్నా చాలు, ఆగకుండా మందు ఇవ్వాలి. పిల్లల కళ్లలో అయితే విటమిన్ ఎ లోపం కోసం తెల్లగుడ్డు మీద నురగలాంటి బూడిదరంగు మచ్చలు చూడండి, సందె చీకట్లో వస్తువులకు తగులుతున్నాడా అని అడగండి.

మందు కన్నా ముందు రక్తం

అనుమానం మీద మందు ఇచ్చినా, ఇచ్చే ముందు నమూనాలు తీసిపెట్టుకోవాలి. లేకపోతే రోగి కోలుకున్నా జబ్బేమిటో తేలదు. బ్లడ్ కల్చర్లు, సీరం, బి12, ఫోలేట్ ముందే తీయండి. సీరం ఫోలేట్ ఒక పూట మంచి భోజనంతోనే మారిపోతుంది, విటమిన్ సి కూడా అంతే.

ల్యాబుకు చీటీ మాత్రమే పంపి ఊరుకోవద్దు, ఫోన్ చేయండి. బ్రూసెల్లా, మట్టీ బురద నీళ్ల నుంచి సోకే మెలియాయిడోసిస్ సూక్ష్మజీవులు ల్యాబు సిబ్బందికి ప్రమాదం, వాళ్లకు ముందే తెలియాలి. మెలియాయిడోసిస్ మీద అనుమానం ఉంటే ఆ పేరు చెప్పడంలో ఇంకో లాభం ఉంది. ఆ జబ్బు సూక్ష్మజీవి బర్కోల్డేరియా సూడోమలై కల్చర్‌లో పెరిగినా, ఏదో సూడోమోనాస్ కలుషితమని పక్కన పడేయడం జరుగుతుంటుంది. ఇది దాదాపు ఎప్పుడూ జెంటామైసిన్‌కూ కొలిస్టిన్‌కూ లొంగదు, అమాక్సిసిలిన్-క్లావులనేట్‌కు లొంగుతుంది. ఈ పోలిక కనబడితే ల్యాబువాళ్లే మీకు ఫోన్ చేయాలి. రక్తంతోపాటు చీము, మూత్రం, గొంతు నమూనా కూడా పంపండి. ఒక కల్చర్ నెగటివ్ అయితే మళ్లీ పంపండి. షుగరు రోగికి న్యుమోనియాతోపాటు కాలేయంలోనో, ప్లీహంలోనో, ప్రొస్టేట్‌లోనో చీముగడ్డలుంటే, క్షయ మందులకు లొంగని "క్షయ" ఉంటే, ముందు ఈ పేరే అనుకోండి.

స్క్రబ్ టైఫస్‌కు ఐజీఎం అనే యాంటీబాడీ పరీక్ష మొదటి వారంలో నెగటివ్ రావడం మామూలే. పాత వైల్-ఫెలిక్స్ పరీక్ష నెగటివ్ అయితే దాన్ని బట్టి ఏమీ తేల్చకండి. ఎస్కార్ పక్కు దొరికితే దాన్నే పీసీఆర్‌కు పంపవచ్చు.

ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు పోషకాల రిపోర్టులు తప్పుదారి పట్టిస్తాయి. ఐరన్ లోపం ఉన్నా, ఐరన్ నిల్వను చెప్పే ఫెరిటిన్ పెరిగి కనిపిస్తుంది. విటమిన్ ఎ, జింకు నిజంగా తగ్గకపోయినా తగ్గినట్టు కనిపిస్తాయి. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్పీ పక్కన పెట్టుకుని గాని వీటిని చదవకూడదు. ఆల్బుమిన్ తగ్గిందని "పోషణ లోపం" అని రాసేయడం కూడా సరికాదు, అది జబ్బు తీవ్రతను చెప్తుంది.

ఏ మందుకు ఎంత గడువు

వెర్నికే అనుమానం ఉంటే థయామిన్ 500 మిల్లీగ్రాములు సెలైన్‌లో అరగంట పాటు, రోజుకు మూడుసార్లు, రెండు మూడు రోజులు. తర్వాత రోజుకు 250, ఇంకో మూడు నుంచి ఐదు రోజులు. మాత్రలతో పని జరగదు. గ్లూకోజు పెట్టేముందే ఇది ఎక్కాలి. షుగరు పడిపోయి మనిషి ప్రమాదంలో ఉంటే మాత్రం గ్లూకోజు ఆపొద్దు, రెండూ కలిపి ఇవ్వండి. కనుగుడ్ల కదలిక గంటల నుంచి రోజుల్లో మెరుగవ్వాలి. మెరుగవ్వకపోతే ముందు మెగ్నీషియం చూడండి, అది తక్కువగా ఉంటే థయామిన్ పనిచేయదు. నడక సర్దుకోవడానికి వారాలు పడుతుంది, జ్ఞాపకశక్తి కొందరికి తిరిగి రాదు. ఆలస్యానికి ఇంత మూల్యం ఉంది కాబట్టే ఈ మందు విషయంలో నేను ఏ రిపోర్టు కోసమూ ఆగను. కాళ్లవాపుతో, లాక్టేట్ పెరిగి, గుండె దడదడలాడుతూ వచ్చే తడి బెరిబెరిలో (ఇదీ థయామిన్ లోపమే) అయితే గంటల్లోనే తేడా కనిపిస్తుంది. బీపీ నిలబడుతుంది, ఆయాసం తగ్గుతుంది.

స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. గర్భిణులకు అజిత్రోమైసిన్. ఊపిరితిత్తులో మెదడో కిడ్నీలో దెబ్బతిన్న తీవ్రమైన కేసుల్లో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ రక్తనాళంలోకి కలిపి ఇస్తే ఒక్కో మందు కన్నా మేలని భారతీయ ఆసుపత్రుల్లో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం చూపించింది. గడువు 48 గంటలు. చాలామందికి ఆ లోపే జ్వరం దిగిపోతుంది. 72 గంటలు దాటినా దిగకపోతే లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం), టైఫాయిడ్, మలేరియా, క్షయ అన్నీ మళ్లీ తిరగేయాలి. లెప్టోస్పైరోసిస్‌కు కళ్లు చీము లేకుండా ఎర్రబడడం, పిక్కలు నొక్కితే ఓర్చుకోలేని నొప్పి గుర్తులు.

స్కర్వీ గడువు ఇంకా సంతోషం కలిగిస్తుంది. విటమిన్ సి రోజుకు ఒక గ్రాము మూడు రోజులు, తర్వాత వారం పాటు 500 మిల్లీగ్రాములు, ఆపై ఒకటి నుంచి మూడు నెలలు 100 మిల్లీగ్రాములు. పిల్లలకు రోజుకు 100 నుంచి 300. ఒకటి రెండు రోజుల్లోనే నీరసం, నొప్పి తగ్గుతాయి, రెండు వారాల్లో కమిలిన మచ్చలు మాయమవుతాయి. 1747లో సాలిస్‌బరీ ఓడ మీద జేమ్స్ లిండ్ పన్నెండు మంది నావికులను జతలుగా విడదీసి చికిత్స చేసినప్పుడు, నారింజలు, నిమ్మపళ్లు తిన్న ఇద్దరిలో ఒకడు ఆరు రోజుల్లోనే పనికి సిద్ధమయ్యాడు, రెండోవాడు మిగతావాళ్లందరికన్నా బాగా తేరుకున్నాడు. వారం గడిచినా మార్పు లేకపోతే అది స్కర్వీ కాదు.

పెల్లాగ్రాకు నియాసిన్‌కే ఇంకో రూపమైన నికోటినమైడ్ రోజుకు 300 మిల్లీగ్రాములు విడదీసి, మూడు నాలుగు వారాలు. నియాసిన్ ఇస్తే ముఖం భగ్గుమంటుంది, నికోటినమైడ్‌తో ఆ బాధ ఉండదు. మతి, నోటిపుండు రెండు మూడు రోజుల్లో మారతాయి, చర్మానికి వారాలు పడుతుంది. బి విటమిన్లన్నీ కలిపి ఇవ్వండి, ఒక్కటే లోపించడం అరుదు.

బి12 ఇంజెక్షన్ 1000 మైక్రోగ్రాములు, మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు. గడువును రెటిక్యులోసైట్లతో (కొత్తగా పుట్టిన ఎర్ర రక్తకణాలతో) కొలవండి: వారం రోజులకు అవి బాగా పెరగాలి. నరాల లక్షణాలకు నెలలు పడుతుంది, అది ముందే రోగికి చెప్పండి. బి12 సంగతి తేలకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇవ్వకూడదు. రక్తం మెరుగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

మెలియాయిడోసిస్ దగ్గరికి వచ్చేసరికి ఓపిక కావాలి. సెఫ్టాజిడిమ్ గాని మెరోపెనెం గాని కనీసం 10 నుంచి 14 రోజులు రక్తనాళంలోకి, ఆ తర్వాత కోట్రైమోక్సజోల్ కనీసం 3 నెలలు. సరైన మందు పడుతున్నా జ్వరం వారం దాటి ఉంటుంది. నాలుగో రోజుకే కంగారుపడి మందు మార్చేస్తే దారి తప్పుతాం. చీముగడ్డ తీయవలసింది ఉందేమో చూడండి, అంతే. రెండో దశ మధ్యలో ఆపేసిన రోగికి జబ్బు తిరగబెడుతుంది కాబట్టి డిశ్చార్జి రోజున ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి ఎందుకో చెప్పాలి. బ్రూసెల్లోసిస్‌కు కూడా ఒకే మందు సరిపోదు. డాక్సీసైక్లిన్ ఆరు వారాలు, దానితో రిఫాంపిసిన్ ఆరు వారాలు గాని, జెంటామైసిన్ వారం పది రోజులు గాని. వెన్నెముకకు, గుండె కవాటాలకు జబ్బు పాకితే ఇంకా ఎక్కువ కాలం. నడుము నొప్పితో వచ్చిన జ్వరానికి క్షయ అనుకుని రిఫాంపిసిన్ మొదలుపెట్టే ముందే బ్రూసెల్లా పరీక్ష పంపండి, తర్వాత రెండింటినీ విడదీయడం కష్టం.

ఇన్ఫెక్షన్, లోపం రెండూ కలిసి వచ్చినప్పుడు

బాగా చిక్కిపోయిన పిల్లల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు, ఒళ్లు చల్లబడవచ్చు. అందుకే వాళ్లకు జ్వరం కోసం చూడకుండానే యాంటీబయాటిక్ ఇస్తారు. ఐరన్ మాత్రం మొదటి వారం ఇవ్వరు, బరువు పెరగడం మొదలయ్యాకే. తట్టు వచ్చిన పిల్లలకూ, కంటి మచ్చలున్నవాళ్లకూ విటమిన్ ఎ మొదటి రోజు, రెండో రోజు, మళ్లీ రెండు వారాలకు: ఏడాది దాటితే 2 లక్షల యూనిట్లు, 6 నుంచి 12 నెలలవాళ్లకు లక్ష, అంతకన్నా చిన్నవాళ్లకు 50 వేలు. గర్భిణులకు ఇంత పెద్ద మోతాదు బిడ్డకు ప్రమాదం.

చాలా రోజులు తినని మనిషికి ఒక్కసారిగా పూర్తి ఆహారం పెట్టొద్దు. ముందు థయామిన్, తర్వాత కొద్దికొద్దిగా ఆహారం, మొదటి వారం రోజూ రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం చూడాలి. ఆకలితో ఉన్న మనిషిని చూసి జాలితో పెట్టే పెద్ద భోజనం గుండె లయను తప్పించగలదు. స్టెరాయిడ్లు రాసేముందు కూడా ఒక్క క్షణం ఆగండి. మట్టిలో చెప్పులు లేకుండా తిరిగిన చరిత్ర ఉన్నవాళ్లకు స్ట్రాంగిలాయిడ్స్ పురుగు ఉంటే, స్టెరాయిడ్‌తో అది ఒళ్లంతా పాకుతుంది. పురుగులుంటే పెరగాల్సిన ఇసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అప్పుడు మామూలుగానే కనిపించవచ్చు. ముందే పరీక్షించండి, వీలు లేకపోతే ఐవర్మెక్టిన్ కిలోకు 200 మైక్రోగ్రాములు ఇచ్చి మొదలుపెట్టండి.

రోగనిర్ధారణ అయ్యాక ఇంకో ప్రశ్న మిగులుతుంది: అదే తిండి తింటున్నవాళ్లు, అదే పాలు తాగుతున్నవాళ్లు ఇంట్లో ఇంకెవరున్నారు? బ్రూసెల్లోసిస్ ఒకరిలో తేలితే ఆ ఇంటిలో మరొకరికి జ్వరం ఉండే అవకాశం తక్కువేం కాదు. మూడు నెలల పసిబిడ్డ గొంతు బొంగురుపోయి, ఆయాసంతో వచ్చి థయామిన్‌తో తేరుకుంటే, పాలిచ్చే తల్లికి కూడా అదే రోజు థయామిన్ మొదలుపెట్టండి. ఆమె ఏం తింటోందో, ఏం తినొద్దని ఎవరు చెప్పారో కూడా అప్పుడే అడగండి.